పూర్ దిగే ఆట

పోశమ్మ నోరు మంచిది కాదు. సూరత్ అమ్రోలిల మరమగ్గాలు నడిపే మన తెలుగు సాంచాలోళ్లను ఎవర్ని అడిగినా గిదే చెప్తరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు గని, పోశమ్మకు ఊరంత మంచిదే, నోరొక్కటే కాదు. పొద్దుగాల నల్లాను తిట్టుకుంట లేస్తది. కరెంటు పోతె కరెంటును తిడుతది. కార్ఖానల సేటు ఎదురైతె ఆయన్ని గూడ ఇడిసిపెట్టది. సేటుకు తెలుగు రాదు గనుక బతికిపోయిండు, తలకాయ ఊపి నవ్వుకుంట పోతడు.

గని పని కాడికి వస్తె ఆమెను మించినోళ్లు లేరు. సాంచ మీద పోగులు చుట్టిన పాత బీము అయిపోయి కొత్త బీము ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొస అతకాలె. వేల పోగులుంటయి, అన్నీ ఒక్కొక్కటే. పెద్ద కార్ఖానలకు మిషన్లు వచ్చినయి గని, చిన్నోళ్లకు ఇంకా చేతులే దిక్కు. పోశమ్మ అతకనీకె కూసున్నదంటె వేళ్లు కనవడయి. కొత్తగ పని నేర్సుకునే పోరీలకు ఆమె చెప్పే మాట ఒక్కటే. "తెగిన పోగును గుంజకే! గుంజితె ఇంకింత తెగుతది. జర ఒదులు చెయ్యి, అదే వస్తది."

సిరిసిల్ల కాన్నించి పెనిమిటి కనకయ్య ఎంబడి సూరత్ వచ్చిననాడు ఆమెకు పద్దెనిమిదేండ్లు. ఇప్పుడు యాభై రెండు. కనకయ్య పోయి ఆరేండ్లాయె. కొడుకు మహేశ్, కోడలు రజిత, ఆరేండ్ల మనుమరాలు ప్రసన్న, గంతే సంసారం. కింద ఖోలీల వీళ్లు, మీద ఖోలీల నర్సింగం ముసలాయన, ఆయన పెండ్లాం. రెంటికి నడుమ బయటినుంచి పద్దెనిమిది మెట్లు. మనం చెప్పుకునే ముచ్చటంత గా మెట్ల మీదనే జరిగింది.

మొన్న శ్రావణంల తాపీ నది పొంగింది. ఈడోళ్లు వరదను పూర్ అంటరు, ఈడ పుట్టి పెరిగిన మన పోరగాండ్లు గూడ పూరే అంటరు. గా పొద్దు గల్లీల మోకాలిబంటి నీళ్లు వచ్చినప్పుడు, మహేశ్ బిడ్డను మెట్ల మీద కూసోవెట్టి, లోపల కాయితాలు ఏరుకుంటున్న తల్లి పోశమ్మ కోసం ఎనుకకు పోయిండు. తల్లిని గోడ పట్టిచ్చి మెట్ల కాడికి తెచ్చేసరికి, కూసోవెట్టిన మెట్టు నీళ్లల్ల ఉన్నది, పిల్ల లేదు. కొట్టుకపోయిందనుకున్నడు. గా బురద నీళ్లల్ల మూడుసార్లు మునిగిండు. "పిల్ల మీదున్నదిరా!" అని నర్సింగం పైకెల్లి ఒర్రుతనే ఉన్నడు, నీళ్ల చప్పుడుకు ఇనవడలే. ఆఖరుకు ఆయన ధోతి ఇప్పి కిందికి ఇడిస్తె, అది పట్టుకొని పైకొచ్చిండు. ముక్కుల నుంచి నోట్ల నుంచి నీళ్లు కారుతున్నయి. ప్రసన్న పై మెట్టు మీద నిలవడి అంతా చూసింది. ఏడువలేదు, పిలువలేదు.

మూడు దినాలకు నీళ్లు తీసినయి. పెద్దోళ్లు బురద ఎత్తిపోసిన్రు, సాంచాలు ఇప్పి తుప్పు గీకిన్రు, తడిసిన బట్ట ఎండకేసిన్రు. గల్లీ పిల్లల్ని ఎవ్వరు చూసిన్రు? తింటున్నరు, ఆడుతున్నరు, ఇంకేం కావాలె అనుకున్నరు. పదేండ్ల ప్రణయ్ మల్ల పక్క తడుపుడు మొదలువెట్టిండు, తల్లి నాలుగు తగిలించింది. వర్షిణి అనే పిల్ల నల్లా జోరుగ ఇప్పితె చెవులు మూసుకొని మూలకు పోతది, బడిదొంగ అన్నరు. ఇగ ప్రసన్న సంగతి. గా పిల్ల కిందికి దిగుడే బంద్ చేసింది. నర్సింగం ఇంట్లనే తినుడు, ఆడనే పండుడు. మాట గూడ రానురాను పోయింది. తల ఊపుతది, గంతే.

ఒకనాడు మహేశ్ దవాఖానకు తీసుకపోదమని బలిమికి ఎత్తుకొని నాలుగు మెట్లు దిగిండు. గంతే, పిల్ల వాని చెయ్యి కొరికింది, ఊపిరి బిగవట్టింది, మొకమంత నీలమైంది. మూడు దినాలు జరం. ఇగ డాక్టరమ్మనే బతిమాలి మీదికి పిలుసుకొచ్చిన్రు. ఆమె పిల్ల కాడ శానసేపు కూసున్నది, పోంగ పోంగ "ఇస్కో బోల్నే దో, రోకో మత్" అన్నది. మాట్లాడనియ్యుండ్రి, ఆపకుండ్రి అని.

"మాట్లాడితెగద ఆపేది!" అన్నది పోశమ్మ. డాక్టరమ్మకు తెలుగు రాకపోవుడు గూడ మంచిదే అయింది.

నెలన్నర చూసి మహేశ్ ఒక తీర్మానానికొచ్చిండు. దసరా పోంగనే బిడ్డను సిరిసిల్లల అమ్మమ్మ ఇంట్ల ఇడిసొస్త, ఆడ నది లేదు, మెట్లు లేవు అన్నడు. టికెట్ గూడ తీసిండు. పిల్లను ఎట్ల దింపుతవురా అంటె, మత్తుమందు ఇప్పిస్త అన్నడు. రజిత కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది. పోశమ్మకు గుండెల రాయి వడ్డది. మత్తుల దింపిన పిల్ల లేసి చూస్తె తల్లి లేదు, ఇల్లు లేదు, అయ్య లేడు. అది ఇంకో పూర్ కాదా? రైలుకు ఇంక ఇరవై అయిదు దినాలున్నది.

గప్పుడే ఆమె పోరగాండ్ల ఆట చూసింది.

బడి నుంచి రాంగనే పది మంది పిల్లలు గా మెట్ల కింద జమ అయితరు. ఒకడు తాపీ. వాడు రెండు చేతులు చాపి "పూర్ ఆవ్యు!", అంటె పూర్ వచ్చిందని ఒర్రితె, అందరు ఒకటో మెట్టు ఎక్కాలె. మల్ల ఒర్రితె రెండోది. ఎనకవడ్డోడు మునిగినట్టు. మీదికి పోయినంక ఒకడు హెలికాప్టరై గుర్రుమనుకుంట పాల ప్యాకెట్లు ఏస్తడు, ఉత్త గాలే. ఏరుకొని తాగినట్టు చేస్తరు. అయిపోంగనే కిందికి ఉరికి మల్ల మొదటికెల్లి. రోజు గదే ఆట. నవ్వు గూడ ఉండది, ఏదో డ్యూటీ చేసినట్టు ఆడుతరు. గప్పుడు మాత్రం ప్రసన్న గడప దాటి పై మెట్టు కాడికి వచ్చి కూసుంటది. కండ్లు పెద్దగ చేసి చూస్తది.

నర్సింగానికి గా ఆట చూస్తె పానం పోయినట్టుంటది. చెడ్డోడు కాదు పాపం, పరాయి పిల్లను నెలన్నర సంది తన మనుమరాలి లెక్క సాకుతున్నడు. గని భయస్తుడు. ఒకనాడు పొద్దుగూకంగ కట్టె పట్టుకొని వచ్చిండు.

"ఏందిరా గీ ఆట! దీపాలు వెట్టే యాల్లకు పూర్ వచ్చింది, మునిగిండు, ఏందిరా గా మాటలు? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు, తథాస్తు అన్నరంటె మల్ల వస్తది! పోండ్రి!"

తల్లులంత బయటికొచ్చిన్రు. నిజమే గద అన్నరు. ఎవరి పిల్లను వాళ్లు రెక్క పట్టి గుంజుకపోయిన్రు. ఆట బంద్. వారం దినాలల్ల ప్రణయ్ ఇంకొక పోరన్ని రాయితోని కొట్టిండు. వర్షిణి బడికి పోనే పోలే. ప్రసన్న నర్సింగం మంచం కిందికి పోయి, అన్నం గూడ ఆడనే తినుడు మొదలువెట్టింది.

పోశమ్మకు గా వారం నిద్ర లేదు. తథాస్తు దేవతల మాట ఆమెకు కొత్తది కాదు. తను గూడ అన్న మాటే అది. రెండువేల ఆరుల పెద్ద పూర్ వచ్చినప్పుడు మహేశ్‌కు తొమ్మిదేండ్లు. కనకయ్య సూరత్ అవతల పల్సానాల పని మీదుండె. నీళ్లు జోరుగ వస్తుంటె కొడుకును అటక ఎక్కిచ్చి, తాగేనీళ్లు తెస్తనని పోయిన పోశమ్మను ప్రవాహం పక్క గల్లీకి కొట్టింది. రెండు పొద్దులు తల్లి ఒక కాడ, కొడుకు ఒక కాడ. దొరికినంక గా పిలగాడు పొద్దుగూకితె చాలు, "అమ్మా, గా పొద్దు..." అని మొదలువెట్టేటోడు. పోశమ్మ దబ్బున వాని నోరు మూసేది. "వద్దు బిడ్డా, గా మాట ఎత్తకు, తథాస్తు దేవతలుంటరు." పది సార్లు మూసింది. పదకొండోసారి వాడు మొదలే వెట్టలే. అయిపోయింది, మర్సిపోయిండు అనుకొని పోశమ్మ దేవునికి కొబ్బరికాయ కొట్టింది. ఎంత తెలివి! వానికిప్పుడు ఇరవై ఎనిమిదేండ్లు. వానకాలమొస్తె మాట బంద్. ఇంట్ల మనిషి ఉన్నట్టే ఉండదు. గా రెండు పొద్దులు వాడేం చూసిండో, ఏం తిన్నడో, ఎంత ఏడ్సిండో కన్నతల్లికి నేటికీ ఎరుక లేదు. తప్పు తనదేనని ఎన్నడో సమజైంది, గని వానితోని అనే ధైర్యం ఆమె నోటికి లేదు. సేటును తిట్టే నోరు గా ఒక్క కాడ పడిపోతది.

ఎనిమిదోనాడు పోశమ్మ పని నుంచి తొందరగ వచ్చి మెట్ల మీద కూసున్నది. గల్లీకి ఇనవడేటట్టు కేకేసింది. "ఏయ్ పోరగాండ్లూ! రాండ్రి! పూర్ ఆట ఆడుదాం!"

నర్సింగం పైనుంచి తొంగి చూసిండు. "పోశమ్మా, నీకు మతి గిన పోయిందా?"

"పోతె పోయింది గని బావా, ఒక మాట చెప్పు. మనం పూర్ వచ్చింది అంటె దేవతలు తథాస్తు అంటరు. అవునా?"

"అంటరు."

"పూర్ దిగింది అంటె?"

నర్సింగం గడ్డం గోక్కున్నడు.

"దానికి గూడ తథాస్తే అనాలె గద! చెడ్డదానికే చెవులిచ్చి, మంచిదానికి చెవుడొస్తదా మీ దేవతలకు? గీ పోరగాండ్ల ఆటల పూర్ ఎక్కుడే ఉన్నది, దిగుడు లేదు. రోజు ఎక్కి ఎక్కి ఆడనే ఉంటున్నరు. నేను దిగే ఆట ఆడిపిస్త. నువ్వు గూడ రా, ముసలోనివైతె ఏంది, హెలికాప్టరు నువ్వే."

నర్సింగం పెండ్లాం లోపల్నుంచి కిసుక్కున నవ్వింది. ముసలాయన గూడ గడప మీద కూసున్నడు.

పోశమ్మ ఆట గిట్లుంటది. ఎక్కుడు పిల్లలు ఆడినట్టే. అందరు మీదికి చేరినంక, ఆమె "దిగింది!" అని కేకేస్తది. ఒక మెట్టు దిగాలె. గని ఉత్తగ దిగేది లేదు. దిగిన మెట్టు మీద కూసొని, పూర్ల చూసిందొకటి చెప్పాలె. ఏదైనా సరే. చెప్పినంక ఇంకో మెట్టు.

మొదటినాడు అందరు నవ్వులాటకు చెప్పిన్రు. మా టీవీ మీద కప్ప కూసున్నదని ఒకడు. పాల ప్యాకెట్ పైనుంచి వచ్చి మా కాక నెత్తి మీద పలిగిందని ఒకతె. రెండోనాడు, మూడోనాడు ముచ్చట్లు మారినయి. వర్షిణి తన నోటుబుక్కు తెరిస్తె రాసిన అక్షరం ఒక్కటి లేదని చెప్పి వెక్కివెక్కి ఏడ్సింది. ప్రణయ్ ముచ్చట ఇంకో తీరు. "మా మేకపిల్ల గుంజకు కట్టేసి ఉండె. ఇప్పుమని మా డాడీకి చెప్పిన, ఇనలే. అది ఒర్రింది, ఒర్రింది. తరువాత ఒర్రలే."

గా మాటకు ఎవరైనా "పోనీలేరా" అంటరు. పోశమ్మ అనలే. "ఎంతసేపు ఒర్రింది బిడ్డా?" అని అడిగింది. వాడు చెప్పిండు. మేకపిల్ల రంగు చెప్పిండు, చెవు మీద మచ్చ చెప్పిండు, పేరు చెప్పిండు. చెప్పి చెప్పి ఆమె ఒళ్ల తలకాయ వెట్టిండు. గా వారంల ప్రణయ్ పక్క తడుపలేదని వాని తల్లి గల్లీ గల్లీ చెప్పుకుంట తిరిగింది. మొన్నటిదాంక కొట్టింది గా తల్లే.

ఇగ ప్రసన్న. మొదటినాడు మంచం కిందికెల్లి బయటికొచ్చి పై మెట్టు మీద కూసున్నది. రెండోనాడు "దిగింది!" అనంగనే అందరితోపాటు ఒక్క మెట్టు దిగింది. పోశమ్మ పానమంత ఎగిరింది గని కండ్లు అటు తిప్పలే, చూసి చూడనట్టున్నది. పిల్ల ఏం చెప్పలే, ఆమె గూడ అడగలే. రాత్రికి మల్ల మీదికే పోతది, గని రోజుకు ఒకటో రెండో మెట్లు ఎక్కువ దిగుతది. నోరు ఇప్పకుండనే పన్నెండు దినాలల్ల కిందికెల్లి నాలుగో మెట్టు కాడికి వచ్చింది. ఆడ ఆగింది. ఒక దినం, రెండు దినాలు, మూడు దినాలు. నాలుగో మెట్టు దాటది.

గా మూడోనాడే మహేశ్ డ్యూటీ నుంచి జల్ది వచ్చిండు, ఆట చూసిండు. వాని మొకం మారింది.

"ఏందమ్మా గిది? పిల్ల సగం సచ్చింది, మల్ల గదే మాట ఎత్తుతున్నవా? ఎత్తొద్దని నువ్వే అన్నవ్ గద!"

వానకాలంల వాడు గంత పెద్దగ మాట్లాడుడు ఎవ్వరు చూడలే. పోశమ్మ లేసి నిలవడ్డది. "అన్న. తప్పన్న. నీ నోరు మూసి తప్పు చేసిన కొడుకా," అన్నది. ఎట్ల వచ్చిందో, వచ్చేసింది గా మాట. వాడు లోపలికి పోయి తలుపేసుకున్నడు.

తెల్లారి ఆదివారం. ఇంకో రోజు తెల్లారితె రైలు. పొద్దుమూకంగ పిల్లలంత మెట్ల మీద ఉన్నరు, ప్రసన్న నాలుగో మెట్టు మీద ఉన్నది. రజిత తలుపు కాడ నిలవడ్డది. మహేశ్ బయటికొచ్చి మెట్ల కింద నిలవడి, "ఇగ చాలమ్మా. నాలుగు మెట్లే గద, నేను ఎత్తుకుంట," అని చేతులు చాపిండు.

"ముట్టకు!" అన్నది పోశమ్మ. "గుంజకు. పిల్ల దిగితె దిగుతది, లేకుంటె నీ రైలు పోతది. గంతే."

మోకాళ్ల నొప్పితోని మూలుక్కుంట పోయి ఆమె మనుమరాలి పక్క కూసున్నది. ఇన్ని దినాలు అడగని మాట అడిగింది. "బిడ్డా, గీ మెట్టు కాడ ఏమున్నదే?"

పిల్ల గోరుతోని మెట్టు గీకుకుంట శానసేపు కూసున్నది. పిల్లలు ఎవ్వరు తొందర వెట్టలే, వాళ్లకు ఆట ఎరుకే.

"పప్పా ఈడ కూసోవెట్టిండు," అన్నది ప్రసన్న. రెండు నెలలకు ఇన్న గొంతు, తుప్పు వట్టినట్టున్నది. "కదలకు, నేను వస్త అన్నడు. నీళ్లు నా ఒళ్లెకు వచ్చినయి బాపమ్మా. నేను కదిలిన. మీదికి పోయిన. పప్పా వచ్చి నేను లేనని మునిగిండు. మూడు సార్లు మునిగిండు. నేను కదిలినందుకే. ఇగ నేను కదల."

 గా ఆరేండ్ల పోరి గింత బరువు నెత్తిన వెట్టుకొని రెండు నెలల సంది కూసున్నదా! 

మహేశ్ కింది మెట్టు మీద మోకాళ్లూనిండు. "కాదు బిడ్డా. నువ్వు కదిలినవు గనుకనే బతికినవు. నేను చెప్పిందే తప్పు, నువ్వు చేసిందే ఒప్పు. మస్తు మంచిగ చేసినవు. కదలాలె. నీళ్లొస్తె ఎవరు చెప్పినా ఇనొద్దు, కదలాలె..." అనుకుంట అనుకుంట ఆగిండు. బిడ్డ దిక్కు చూస్తున్న కండ్లు తల్లి దిక్కు తిరిగినయి.

"నేను కదల్లే అమ్మా."

పోశమ్మకు ఏ పొద్దు ముచ్చటనో ఎవ్వరు చెప్పే పని లేకుండె.

"అటకెక్కిచ్చి కదలకు, ఇప్పుడే వస్త అన్నవ్. కిటికీల నుంచి పక్కింటోళ్లు చేతులు చాపిన్రు, రారా రారా అని. నేను పోతె, నువ్వొచ్చి నన్ను ఎతుకుతవు, మునుగుతవు అని పోలే. నీళ్లు అటక మీదికొచ్చినయి. నడుము దాంక వచ్చినయి. అయినా కదల్లే. ఒంటికి గూడ ఆడనే పోసుకున్న. తెల్లారింది, మల్ల పొద్దుగూకింది. నువ్వు సచ్చిపోయినవనుకున్న అమ్మా. అయినా కదల్లే. చెప్పుదమంటె నువ్వు..."  ఇరవై ఎనిమిదేండ్ల మొగోడు, కార్ఖానల పది సాంచాలు ఒక్కడే నడిపెటోడు, పిల్లలందరి ముంగట బోరున ఏడ్సిండు.

మీద గడప కాడ దీపం వెట్టనీకె వచ్చిన నర్సింగం అట్లనే నిలవడ్డడు. గా యాల్లకు గా మాటలు, అయినా ఏమనలే. కండ్లు తుడుసుకుంటున్నడు.

అందరు మహేశ్‌నే చూస్తున్నరు గనుక, ప్రసన్న మూడో మెట్టు ఎప్పుడు దిగిందో, రెండోది ఎప్పుడు దిగిందో ఎవ్వరు చూడలే. తండ్రి ఏడుస్తుంటె పిల్లకు ఆగలే. నేల మీద కాళ్లు వెట్టి, వాని భుజం కాడికొచ్చి నిలవడి, చిన్న చేతితోని వాని మొకం తుడుస్తుంటె ప్రణయ్ చూసి "దిగింది!" అని ఒర్రిండు. పిల్లలంత ఒక్కసారి "దిగింది! దిగింది!" అని గల్లీ అదిరేటట్టు ఒర్రిన్రు.

పోశమ్మ మెట్టు మెట్టు మీద కూసుంట, జరుక్కుంట కొడుకు కాడికి దిగింది. వాని నెత్తి తన రొమ్ముకు అదుముకున్నది.

"పందొమ్మిదేండ్ల సంది అటక మీదనే కూసోవెట్టిన గద కొడుకా నిన్ను! ఇగ దిగు. దిగి నాకు అంతా చెప్పు, ఒక్క మాట ఇడవకుండ చెప్పు. నేనొచ్చిన బిడ్డా. నేనొచ్చిన."